స్వామికార్యము - స్వకార్యము

ఒక ప్రయాణముతో రెండు పనులు చక్కబెట్టుకొనుటను మనవా రెన్నడును తప్పుగా నెంచలేదు. బట్టల కొనుగోలునకు సూరతు పోయిన వర్తకుడు తిరుగుదారిలో షిరిడీలో దిగి దర్శనము చేసికొని వచ్చును. మిల్లు యంత్రము చూచుకొనుటకు కోయంబత్తూరు వెళ్లిన ఆసామి రామేశ్వరము గూడ చూచి వచ్చును. చెన్నపట్టణమున పని చూచుకొన బోయినవాడు తిరుమల కొండ యెక్కకుండ ఇల్లు చేరినచో ఇంటివారే ఆక్షేపింతురు. స్వామికార్యము, స్వకార్యము రెండును నెరవేరినవని చెప్పుకొనుట మనకు మెప్పుకోలే గాని నేరము నొప్పుకొనుట కాదు. మామిడిమొక్క మొదట పితృతర్పణము విడిచినవాడు చెట్టును తడిపెను, పెద్దలను తృప్తిపరచెను అని వైయాకరణులు సైతము ఈ నేర్పును ఉదాహరించిరి.

ఆదాయపు పన్ను చట్టమునకు మాత్రము ఈ మామిడిమొక్క మొదటి నీళ్లు గిట్టవు. రైలుఖర్చును, హోటలుఖర్చును వ్యాపారపు పద్దులో వ్రాసి లాభమునుండి తగ్గించుకొన దలచిన వర్తకుని ఆ చట్ట మడుగు ప్రశ్న యొక్కటే: ఈ వ్యయము వ్యాపారము కొఱకు పూర్తిగాను, కేవలముగాను చేయబడినదా? స్వంత వ్యయమైనచో తగ్గింపు లేదు. పూర్తిగా వ్యాపారమైనచో తగ్గింపు కలదు. సగము అది, సగము ఇది యైనచో నేమి చేయవలయునో చట్టము నోరు విప్పి చెప్పదు. ఏటేట మార్చి నెలాఖరున లెక్కలు ముగించు వేళ ఎందరో వర్తకులను ఇబ్బంది పెట్టుచున్న ఈ మౌనమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుట అవసరమని తోచినది.

ఈ మాటల పుట్టుక మన దేశమున గాదు. మన దేశమున ఆదాయపు పన్నును 1860లో జేమ్సు విల్సను ప్రవేశపెట్టెను. 1922 నాటి చట్టము, లాభము నార్జించుటకే చేసిన వ్యయమును మాత్రము తగ్గింపనిచ్చెను. 1939 నాటి సవరణతో ఇంగ్లండు చట్టములోని మాటలనే తెచ్చి, వ్యాపారము కొఱకు పూర్తిగాను, కేవలముగాను పెట్టిన ఖర్చు అని మార్చిరి. స్వతంత్ర భారతమున 1961లో చేయబడిన చట్టపు 37వ సెక్షనులో ఆ మాటలే నిలిచినవి. అరువదియేండ్లకు పైబడిన పిమ్మట ఆ చట్టమును సరళము చేయ దలచి, 2025లో పార్లమెంటు కొత్త చట్టము నామోదించి, 2026 ఏప్రిల్ 1వ తేది నుండి అమలు జరుగవలయునని నిర్ణయించెను. సెక్షనుల వరుస మారినది, వాక్యములు చిన్నవైనవి. ఈ రెండు మాటలు మాత్రము చెక్కుచెదరలేదు.

సుప్రీంకోర్టు 1979లో సాసూన్ డేవిడ్ కంపెనీ వ్యాజ్యమున ఈ మాటల కఠినత్వమును కొంత సడలించినది. ఖర్చు వ్యాపారమునకు అత్యవసరమై యుండవలసిన పని లేదనియు, వ్యాపార ప్రయోజనము కొఱకు బుద్ధిపూర్వకముగా పెట్టినదైనచో దానివలన మఱొకరికి లాభము కలిగినంతమాత్రమున తగ్గింపు పోదనియు తీర్పు చెప్పెను. ఇది వర్తకునికి మేలైన తీర్పే. కాని యిందు తేలిన విషయము వేఱు. ఖర్చు పెట్టిన ఉద్దేశ మొక్కటియై ఫలములు రెండైన సందర్భమది. మన వర్తకుని ప్రయాణమున ఉద్దేశములే రెండు.

ఈ భేదమును ఇంగ్లండు న్యాయమూర్తులు చాలకాలము చర్చించిరి. 1965లో పరిష్కారమైన బౌడెను వ్యాజ్యము ఇందుకు చక్కని నిదర్శనము. ఒక న్యాయవాది భార్యాసమేతుడై వాషింగ్టనులో అమెరికా న్యాయవాదుల మహాసభకును, ఒట్టావాలో కామన్వెల్తు న్యాయసభకును పోయి వచ్చెను. వృత్తికి సంబంధించిన సభలే. ఐనను ఆ ప్రయాణమున సెలవు వినోదము గూడ తన ఉద్దేశములలో నొకటియని ఆయన దాచకుండ చెప్పెను. రెండు ఉద్దేశములున్నవి కావున కేవలము వృత్తి కొఱకు కాదని తగ్గింపు నిరాకరింపబడినది. ఆయన మనసులోని మాట బయట పెట్టకయే యున్నచో నేమి జరిగి యుండెడిదో ఊహించుట కష్టము కాదు. నిజము చెప్పినవానికి నష్టమును, మౌనము వహించినవానికి అవకాశమును కల్పించు సూత్రము ఏ దేశపుదైనను మంచి సూత్రము కాదు.

1983లో ప్రభువుల సభ మాలల్యూ వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, ఉద్దేశమునకును ఫలమునకును గల తారతమ్యమును ఒక వైద్యుని ఉదాహరణముతో విశదీకరించినది. దక్షిణ ఫ్రాన్సులో నున్న మిత్రుడే తన రోగియు నైనచో, ఆ వైద్యుడు అచ్చటికి పోయి వారము దినములు వాని యింట నుండి చికిత్స చేసినప్పుడు, చికిత్స కొఱకు పోయెనా, చెలిమి కొఱకు పోయెనా యని విచారింపవలయును. చికిత్సకే పోయినచో మిత్రుని యింట గడపిన సుఖము ఫలము మాత్రమే, ఖర్చు తగ్గించుకొనవచ్చును. విచారణ సూక్ష్మమైనదే, మనుష్యుని మనసులోనికి తొంగిచూడగల అధికారి దొరికినచో ఉపయోగకరమైనదియే. మన యాదాయపు పన్ను కచేరీలలో అట్టి యంతర్యాములను నియమించినట్లు మేము వినలేదు.

ఇక మన కచేరీలలో జరుగున దేమి? లెక్క చెప్పుటకు ఒక వర్తకుని ఊహింతము. గుంటూరు మిర్చి వర్తకుడు. భార్యను వెంటబెట్టుకొని బొంబాయి వెళ్లెను. వాషీలోని మసాలా మార్కెట్టులో మూడు దినములు బేరములాడి, పాత బాకీలు వసూలు చేసి, కొత్త సరకునకు మాట పుచ్చుకొనెను. నాలుగవ దినమున మోటారు కుదుర్చుకొని షిరిడీయు, మఱునాడు నాసికు త్ర్యంబకేశ్వరమును సేవించి ఇల్లు చేరెను. ఇద్దరికి రైలు రానుపోను 8,000 రూపాయలు. బొంబాయి హోటలులో ఇద్దరుండు గది దినమునకు 4,000 చొప్పున 12,000. ఒక్కడే యుండు గది తీసికొన్నచో 3,500తో పోయెడిది. బొంబాయిలో భోజనములకు 3,600; మోటారునకు 9,000; యాత్రాస్థలములలో బసకు 5,000, భోజనములకు 2,400. మొత్తము 40,000.

నిష్పక్షపాతియైన పెద్దమనిషి యెవడైనను ఈ లెక్కను పది నిమిషములలో విడదీయగలడు. వర్తకుని రైలుఖర్చు 4,000. ఒక్కని గది మూడు దినములకు 10,500. వాని భోజనము 1,800. వెరసి 16,300 వ్యాపారమునకు చెల్లును. మిగిలిన 23,700 గృహస్థుని స్వంతము. దేవుడు వర్తకము బాగుచేయును గావున షిరిడీ మోటారుఖర్చు గూడ వ్యాపారమే యని వాదించువారుందురు గాని, వారి భక్తిని మెచ్చుకొందుము, పద్దును మెచ్చుకొనజాలము.

ఒక వర్తకుడు ఇట్లే విడదీసి 16,300 మాత్రమే వ్రాసెననుకొందము. వాని పొరుగువాడు అదే ప్రయాణము చేసి 40,000 వ్యాపారపు ఖర్చుగా చిట్టాలో నెక్కించెను. విచారణకు వచ్చిన అధికారి యేమి చేయును? ప్రయాణపు ఖర్చులలో స్వంతభాగము కొంత యుండియే తీరునని భావించి, పదియవవంతో అయిదవవంతో ఉజ్జాయింపుగా త్రోసివేయును. ఇది ఏ యొక్క అధికారి దోషమును గాదు. కార్లకు, టెలిఫోనులకు, ప్రయాణములకు చిరకాలముగా నడచుచున్న ఆనవాయితీ. అయిదవవంతు త్రోసివేసినచో నిజాయితీపరునికి మిగులునది 13,040; పొరుగువానికి మిగులునది 32,000. మొదటివాడు తనకు న్యాయముగా రావలసిన దానిలో 3,260 పోగొట్టుకొనెను. రెండవవాడు తనది కాని 15,700 నిలుపుకొనెను. చట్టపు మాటలను అక్షరాల పట్టుకొను అధికారి చేత బడినచో మొదటివానికి రైలుఖర్చు 4,000 గూడ దక్కదు. ఉద్దేశములు రెండు గదా!

ఈ యుజ్జాయింపు కోతను అపీలులలో ట్రిబ్యునళ్లు ఒకప్పుడు తగ్గించును, ఒకప్పుడు కొట్టివేయును, ఒకప్పుడు ఖాయపరచును. మూడువేల రూపాయల కొఱకు అపీలునకు పోవువా డెవడు? ప్లీడరు ఫీజే అంతకు మించును. కావున ప్రతి సంవత్సరమును ఊరక చెల్లించి, మఱుసటి యేడు తానును పొరుగువాని దారి పట్టును. వర్తకులలో పెరుగుచున్న అసత్యమును గూర్చి వాపోవువారు దాని పెంపకమున ఈ ఆనవాయితీకి గల భాగమును తఱచుగా మఱచుచుందురు. చట్టము నధికారము లేక ఏ పన్నును విధింపరాదని మన రాజ్యాంగము 265వ అధికరణమున శాసించినది. చట్టము తెలుపని పాలును అధికారి తన యూహ చేత నిర్ణయించి దానిపై పన్ను గొనుట ఆ శాసనమునకు ఎంత దూరమో విజ్ఞులు యోచింతురు గాక.

పూర్వము కొంత యుపశమనముండెడిది. అధికారి యెదుట గూర్చుండి, అయ్యా, ఇదిగో బేరపు కాగితములు, ఇదిగో బాకీ రసీదు అని చెప్పుకొనుటకు వీలుండెడిది. ఆయనకు ఊరి వ్యాపారము తెలియును, ఏ నెలలో మిర్చి సరకు కదలునో తెలియును. 2019లో ఆరంభమై పిమ్మట వ్యాపించిన ముఖము కానరాని విచారణ పద్ధతిలో గుంటూరు వర్తకుని లెక్కను ఏ రాష్ట్రమున నున్న అధికారి చూచునో ఎవరికిని తెలియదు. లంచమునకును పలుకుబడికిని దారి మూయుట కొఱకు పెట్టిన పద్ధతియే; దానిని మేము తప్పుపట్టము. కాని నోటిమాటకు చోటులేనిచో వ్రాతమాట స్పష్టముగా నుండవలయును.

ఇంతకంటె వింతయైన సంగతి మఱొకటి కలదు. ఇదే వర్తకుడు తన దుకాణమును ప్రైవేటు కంపెనీగా మార్చి తానే డైరెక్టరైనచో కథ మారును. కంపెనీకి శరీరము లేదు, కుటుంబము లేదు, తీర్థయాత్ర లేదు; కావున కంపెనీ కార్లను డైరెక్టర్లు స్వంతమునకు వాడుకొనిరను కారణముచే కంపెనీ ఖర్చులో కోత విధించుట చెల్లదని గుజరాతు హైకోర్టు 2002లో సయాజీ ఐరన్ కంపెనీ వ్యాజ్యమున తీర్మానించినది. డైరెక్టరు పొందిన స్వంతలాభమును డైరెక్టరు ఆదాయములోనే కలుపవలయునని న్యాయస్థాన మభిప్రాయపడినది. తర్కము సరియైనదే. కాని మనిషి యొక్కడు, ప్రయాణ మొక్కటి. బోర్డు మీద ప్రైవేటు లిమిటెడ్ అని యుండుటయు లేకుండుటయు మాత్రమే భేదము!

పోనిండు, ఆ లాభమును కలుపునప్పుడైనను ఉజ్జాయింపు చేయుదురా? లేదు. ఇచ్చటనే మా ముఖ్యవాదమున్నది. ఉద్యోగులకు యజమానులు కల్పించు సౌకర్యముల విలువ కట్టుటకు 1962 నాటి ఆదాయపు పన్ను నియమావళిలో మూడవ నియమముగా వ్రాసిన దానిని చదువుడు. ఉద్యోగపు పనిమీద చేసిన పర్యటనను సెలవు వినోదము కొఱకు పొడిగించినచో, పొడిగించిన దినముల ఖర్చునే ఉద్యోగికి కలిగిన లాభముగా నెంచవలయునని అందు స్పష్టముగా నున్నది. పర్యటనలో కుటుంబములోని వారు వెంట వచ్చినచో వారిపై పెట్టిన ఖర్చును లాభముగా నెంచవలయునని గూడ నున్నది. అనగా పనిదినముల ఖర్చునకు పన్ను లేదు. సెలవు దినముల ఖర్చునకు, వెంట వచ్చినవారి ఖర్చునకు మాత్రమే పన్ను. ఉద్దేశములు రెండైనవి గదా, అంతయు పోయినదని ఎవరును అనలేదు. మనసు పరీక్షించుట లేదు, అయిదవవంతు కోత లేదు. మనము మిర్చి వర్తకునికి పది నిమిషములలో వేసిన లెక్కయే ఇది.

ప్రభుత్వము తన యుద్యోగుల విషయమునను ఇట్లే నడచుకొనును. పర్యటనలో నుండగా ఉద్యోగి ఆకస్మిక సెలవు తీసికొన్నచో ఆ దినమునకు దినభత్యము చెల్లింపరు. పనిచేసిన దినములకు చెల్లింతురు. సెలవు తీసికొనెను గావున పర్యటన మొత్తము స్వంతపు ప్రయాణమని రైలుఖర్చు నిరాకరించు కచేరీ ఎచ్చటనైన నున్నదా? ఉద్యోగికి, డైరెక్టరునకు, అధికారికి ధర్మమైన సూత్రము చిల్లర వర్తకునికి, మిల్లు యజమానికి, వైద్యునికి, వకీలునకు ఏల ధర్మము గాకపోయెను?

పూర్తిగా, కేవలముగా అను మాటలను మనకు నేర్పిన ఇంగ్లండు సైతము ఈ చిక్కును గుర్తించినది. 2005లో అచ్చట వ్యాపారాదాయపు పన్ను చట్టమును తిరిగి వ్రాయునప్పుడు, ఒక వ్యయము ఒకటికంటె నెక్కువ ప్రయోజనముల కొఱకైనను, అందులో వ్యాపారమునకే పూర్తిగా చెందిన భాగము గుర్తింపదగి యున్నచో ఆ భాగమునకు తగ్గింపు నిరాకరింపరాదని స్పష్టముగా చేర్చిరి. మన చట్టమును ఈ సంగతి నెఱుగక పోలేదు. 1961 చట్టపు 38వ సెక్షనులో భవనములు, యంత్రములు, సామగ్రి కొంత వ్యాపారమునకు, కొంత ఇతరమునకు వాడబడినచో న్యాయమైన పాలునకు తగ్గింపు నీయవలయునని వ్రాసియున్నారు. కుర్చీని పాళ్లు వేయ నేర్చిన చట్టము ప్రయాణమును పాళ్లు వేయజాలదా?

అమెరికా మార్గము వేఱు. మన తెలుగువారు వేలకొలది అచ్చట స్వంత వృత్తులలో నుండి, హైదరాబాదులోను విశాఖపట్టణములోను పనులు పెట్టుకొని, సంక్రాంతికి ఊరు చూచుకొని పోవుచున్నారు గావున వారికి ఇది నిత్యానుభవము. దేశములోపలి ప్రయాణమున ముఖ్యోద్దేశము వ్యాపారమైనచో రానుపోను ఖర్చు మొత్తము తగ్గును. ముఖ్యోద్దేశము వినోదమైనచో రానుపోను ఖర్చేమియు తగ్గదు, చేరినచోట వ్యాపారమునకైన ఖర్చు మాత్రము తగ్గును. ఒక వారము పని, అయిదు వారముల వినోదమైనచో అది వినోదయాత్రయే యని వారి నిబంధనలలోనే ఉదాహరించిరి. విదేశ ప్రయాణమైనచో, ప్రయాణము వారము మించి, స్వంత కాలము మొత్తములో నాలుగవ వంతో అంతకు మించియో యున్నప్పుడు సాధారణముగా రానుపోను ఖర్చును గూడ దినముల ననుసరించి పంచవలయును. రెండు పనిదినముల నడుమ చిక్కిన ఆదివారమును పనిదినముగనే లెక్కింతురు. భార్య వెంట వచ్చినచో, ఆమె ఆ వ్యాపారములో నిజముగా ఉద్యోగినియై, పనిమీదనే వచ్చియుండిన గాని ఆమె ఖర్చు తగ్గదని 1993లో కట్టుదిట్టము చేసిరి. ఇద్దరుండు గది తీసికొన్నను ఒక్కని గది యద్దె యెంతయో అంత తగ్గింపు దొరకును. మెచ్చదగినది సూత్రముల యుదారత గాదు, స్పష్టత. బయలుదేరక ముందే తనకేమి దక్కునో, ఏమి దక్కదో వారికి తెలియును.

అధికారవర్గము వారి ప్రత్యుత్తరము మాకు తెలియనిది కాదు. ద్వారము తెరచినచో ప్రతి పెండ్లి ప్రయాణమును వర్తకపు ప్రయాణమగునని వారందురు. మేము వర్తకుల పక్షమున వ్రాయుచున్నను ఈ యాక్షేపణలో నిజము లేదనజాలము. కుమారుని పట్టప్రదానోత్సవమునకు అమెరికా పోయి, అచ్చటి తెలుగు మహాసభలో ఒక బల్ల పెట్టి, పదిమందికి ఇండ్ల స్థలముల పటములు పంచి, కుటుంబసహితముగా విమానపు ఖర్చును వ్యాపారమునకు వ్రాయువారున్నారు. మేనల్లుని పెండ్లికి పోయిన ఊరిలో ఒక దుకాణదారుని కార్డు పుచ్చుకొని, కార్డు చూపి కారుఖర్చు తగ్గించుకొనువారు నున్నారు. పల్లెలలో మఱొక విధము. వ్యవసాయపు టాదాయమునకు పన్ను లేదు గదా. పొలము చూచుకొనుటకు తిరిగిన తిరుగుళ్లను, పొలము వ్యాజ్యమునకు పోయివచ్చిన ప్రయాణములను బియ్యపు మిల్లు ఖాతాలో నెక్కించి మిల్లు లాభమును తగ్గించుకొను భూస్వాములు లేకపోలేదు. ఇది నేర్పు గాదు. బజారులో కూరగాయ లమ్ముకొనునది కట్టిన పన్నులో కొంత వీరి కారులో పెట్రోలుగా పోయుచున్నారనియే చెప్పవలయును.

ఐతే ఈ యక్రమములను ఉజ్జాయింపు కోత ఆపుచున్నదా? అయిదవవంతు పోవునని ముందే యెఱిగినవాడు నాలుగవవంతు ఎక్కువ కలిపి వ్రాయును. కోసినను తన లెక్క తనకు సరిపోవును. అందరిని అనుమానించి అందరిపై కొంత కొంత వేయు పద్ధతిని ప్రభుత్వ మిదివఱకే ఒకసారి పరీక్షించి చూచినది. 2005లో చిదంబరము గారు ఆర్థికమంత్రిగా నుండగా ప్రవేశపెట్టిన సౌకర్యములపై పన్ను ఇట్టిదే. యజమానులు పెట్టు ప్రయాణాది ఖర్చులలో నొక భాగము స్వంత సౌకర్యమే యని భావించి దానిపై పన్ను గొనిరి. వర్తకలోకము నాలుగేండ్లు మొఱవెట్టినది. 2009లో ప్రణబు ముఖర్జీ గారు దానిని రద్దు చేసిరి. వ్రాతపూర్వకముగా రద్దయిన యా సూత్రమే అలవాటుగా కచేరీలలో మిగిలియున్నది.

సూత్రము మారువఱకు వర్తకుడు చేయదగినది లేకపోలేదు. చిన్న వర్తకులలో నెక్కువమంది, అమ్మకములపై ఇంత శాతము లాభమని ఒప్పుకొని పన్ను చెల్లించు పద్ధతి నవలంబించియున్నారు. వారికి ఈ చిక్కే లేదు, ప్రయాణపు ఖర్చును వేఱుగా తగ్గించుకొన నక్కఱయు లేదు. పూర్తి లెక్కలు వ్రాయువారు మాత్రము ఇల్లు చేరిన దినముననే ప్రయాణపు ఖర్చును విడదీసి, స్వంతభాగమును స్వంతఖర్చు ఖాతాలో నెక్కించుట మంచిది. సంవత్సరాంతమున ఆడిటరు వచ్చి అడుగునప్పుడు విడదీసినది జ్ఞాపకము కాదు, కల్పన యగును. భార్యకు టిక్కెట్టు వేఱుగా కొనవలయును. హోటలువారిని అడిగి ఒక్కని గది ధరను బిల్లుమీదనే వ్రాయించుకొనుట సులభము. ఎవరిని చూడబోయితిమి, ఏ బేరమాడితిమి, ఏ బాకీ వసూలైనది అను మూడు ముక్కలు తేదీతో వ్రాసి, ఉత్తరములు, చరవాణి సందేశములు జతచేసి యుంచినచో, అధికారి ముఖము కానరాకున్నను కాగితము కానవచ్చును. ఒక్కరికి ఒక్క దినమున 10,000 రూపాయలకు మించి రొక్కముగా చెల్లించిన ఖర్చు, ఎంత న్యాయమైనదైనను, తగ్గింపునకు సాధారణముగా నోచుకొనదని మఱువరాదు. మోటారువానికి, హోటలువానికి బ్యాంకు ద్వారా చెల్లించుటే మేలు. సాక్ష్యము లేని ఖర్చును తగ్గించుకొనుటను 2016లో చేర్చిన 270ఎ సెక్షను అబద్ధపు లెక్కల క్రింద జమకట్టి, ఎగవేసిన పన్నుపై రెండింతల జరిమానా విధించినది. నాలుగువేల రూపాయల షిరిడీ ఖర్చు కొఱకు అంతటి యాపద తెచ్చుకొనువాని తెలివిని మెచ్చుకొనుట కష్టము.

కాని వర్తకుడు తన పని తాను చేసినంత మాత్రమున అతనికి న్యాయము కలుగదని పై లెక్కయే చెప్పుచున్నది. 16,300 వ్రాసినవానికి 16,300 దక్కునని హామీ కావలయును. మేము కోరునది కొత్త రాయితీ కాదు. ఉద్యోగులకు వ్రాసిన వాక్యమునే వ్యాపారస్థులకును వృత్తులవారికిని వర్తింపజేసి, వ్యాపారము కొఱకు బయలుదేరిన ప్రయాణమును స్వంతమునకు పొడిగించినచో పొడిగించిన దినముల ఖర్చును, వెంటవచ్చిన కుటుంబపు ఖర్చును మాత్రమే త్రోసివేయవలయునని ఒక్క వాక్యము చేర్చిన చాలును. స్వంతభాగమును తానే విడదీసి చూపినవాని లెక్కలో, ఫలానా పద్దు తప్పని కారణము చూపక, ఉజ్జాయింపు కోత విధింపరాదని రెండవ వాక్యము. పూర్తిగా స్వంతమైన ప్రయాణమునకు వ్యాపారపు ముసుగు వేసినవానికి ఇప్పుడున్న జరిమానాలోనుండి ఒక్క పైసయు తగ్గింప నక్కఱలేదు.

ఇందుకు పార్లమెంటు సవరణయే అవసరమని కూడ మేము భావింపము. ప్రత్యక్షపు పన్నుల కేంద్రబోర్డు తన యధికారులకు ఒక సర్క్యులరు పంపినను చాలవఱకు నెరవేరును. అట్టి సర్క్యులరులు పూర్వ మెన్నియో వెలువడినవి. బడ్జెటునకు ముందు ఏటేట ఆర్థికమంత్రికి మహజరులు సమర్పించు మన వర్తక సంఘములు ఆ మహజరులలో పన్ను రేట్లను తగ్గింపుమని వ్రాయుటకు పుటలకొలది స్థలము వినియోగించుచున్నవి. గుంటూరు, విజయవాడ, రాజమహేంద్రవరము, వరంగల్లు, హైదరాబాదు సంఘముల వారు రాబోవు మహజరున సగము పుట ఈ రెండు వాక్యములకు కేటాయించి, తమ సభ్యుల లెక్కలలోనుండి పేర్లు తీసివేసిన నాలుగైదు ఉదాహరణములను దానికి జతచేసి పంపుదురు గాక.